కంపెనీ నీళ్లు, బోరు నీళ్లు, డబ్బా నీళ్లు



గోదావరిఖనిలో కిరాయి ఇల్లు చూడబోయినవాళ్లు అడ్వాన్సు సంగతి తర్వాత మాట్లాడతారు. ముందు అడిగేది నీళ్ల సంగతి. "ఏ నీళ్లొస్తయ్ అక్కా ఇక్కడ? కంపెనీ నల్లానా, మున్సిపాలిటీ నల్లానా, బోరేనా?" కంపెనీ నల్లా అంటే కిరాయి దగ్గర బేరం తగ్గుతుంది. బోరే అంటే మాత్రం వచ్చినామె బాత్రూంలోకి పోయి, నల్లా మూతి చుట్టూ తెల్లగా పేరుకున్న గారను గోటితో గీకి చూసి, అప్పుడు నోరు విప్పుతుంది. రేపు ఆ బకెట్లు తోమాల్సింది ఆమే కదా.

ఖని కూడా కలిసిన ఈ పట్టణాన్ని బయటివాళ్లు రామగుండం అని ఒక్క పేరు పెట్టి పిలుస్తారు గానీ, నీళ్ల లెక్కన చూస్తే అది నాలుగైదు ఊర్లు. సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్లకు కంపెనీ ఫిల్టర్‌బెడ్ నీళ్లు. ఎన్టీపీసీ టౌన్‌షిప్‌కు దాని సొంత ఏర్పాటు. మిగిలిన వాడలకు కార్పొరేషన్ నల్లాలు. నల్లా అందనిచోట బోర్లు, ఎండాకాలంలో ట్యాంకర్లు. వీటన్నిటి మీద ఇప్పుడు ఇరవై లీటర్ల డబ్బా. 2011 జనాభా లెక్కల్లో 2.29 లక్షల మంది ఉన్న పట్టణం, పక్కనే గోదావరి. అయినా తాగే నీళ్లు ట్రాలీ ఆటోలో ఇంటికొస్తున్నాయి.

ఎందుకొస్తున్నాయని ఎవరినడిగినా చెప్పేది ఒకటే: "గీ నీళ్లు తాగితే కిడ్నీల రాళ్లు పడ్తయ్ సార్." నేను రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు అనిపించేదే ఇవాళ మీతో చెప్పదలచుకున్నాను. మన బొగ్గు బెల్టులో జనం నీళ్లలో కంటికి కనిపించేదానికి జంకుతున్నారు. కనిపించనిదాన్ని అడగడం మానేశారు.

ముందు ఆ కనిపించే గార సంగతే చూద్దాం.

రామగుండం నుంచి పెద్దపల్లి పోయే దారిలో బసంత్‌నగర్ సిమెంట్ ఫ్యాక్టరీ తెలియనివాళ్లు ఉండరు. ఫ్యాక్టరీ అక్కడే ఎందుకు పెట్టారు? కింద సున్నపురాయి ఉంది గనక. మీ గీజర్ రాడ్డు మీద తెల్లగా పెంకు కట్టేదీ ఆ జాతి పదార్థమే. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుతో దారిలో తగిలిన రాళ్లలోంచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటూ పోతుంది. ఎంత లోతుకు పోతే, రాతి సందుల్లో ఎన్నేళ్లు నిలిస్తే అంత కరిగించుకుంటుంది. బడి పుస్తకాల్లో కఠిన జలం అని మనం చదువుకున్నది దీన్నే. నది నీరు పైపైన పరుగెత్తేది కాబట్టి దానికి అంత తీరిక ఉండదు. గోదావరి నీళ్లకు సబ్బు నురగ రావడానికి, పక్క వాడలో బోరు నీళ్లకు రాకపోవడానికి తేడా ఇంతే.

బొగ్గు బాయిల నీళ్ల కథ ఇంకొంచెం వేరు. బాయిలో దిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, అక్కడ బొగ్గుతో పాటు నీళ్లతోనూ కొట్లాట. ఇరవై నాలుగు గంటలూ పంపులు నడవాల్సిందే. 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికుల ప్రాణాలు పోయిన సంగతి ఖనిలో ఇప్పటికీ ఎవరూ మరచిపోలేదు. ఆ పంపులు తోడిపోసే నీళ్లు చెరువులకు, పొలాలకు పోతాయి, శుద్ధి చేసినచోట వాడకానికీ వస్తాయి.

బొగ్గు గని నీళ్లనగానే అది విషమేనని కొందరు తేల్చేస్తారు. మేఘాలయలో జయంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడ గని నీరు ఆమ్లంగా మారి, వాగుల్లో చేప బతకని పరిస్థితి వచ్చింది. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ, ఆ బాధ మనకు అంతగా లేదు. అలాగని గని నీళ్లు నది నీళ్లూ ఒకటి కాదు. ఉన్న కొద్దిపాటి గంధకమే గాలి తగిలి సల్ఫేటుగా మారుతుంది. రాళ్లలోని కాల్షియంతో కలిసి నీళ్లను ఇంకా బరువెక్కిస్తుంది. ఈ రకం కఠినత్వానికో మొండితనం ఉంది. ఎంత కాచినా దిగదు.

బైకార్బొనేట్ రకమైతే కాస్తే దిగుతుంది. నీళ్లు కాగుతుంటే ఆవిరితో పాటు కార్బన్ డయాక్సైడ్ లేచిపోయి, సున్నం తెల్లటి పొడిగా గిన్నె అడుగున కూర్చుంటుంది. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె చూడండి. అడుగున తెల్లగా పొర కట్టిందా, ఆ మేరకు మీరు తాగే నీళ్లలోంచి దిగిపోయినట్టే. ఆడవాళ్లు ఆ గిన్నెలో చింతపండు పులుసు పోసి కాసేపు నాననిచ్చి తోముతారు. పులుసులోని ఆమ్లం సున్నాన్ని మళ్లీ కరిగిస్తుంది. ఇది కాలేజీ లాబ్‌లో నేర్పక ముందు నుంచే మన వంటిళ్లలో ఉన్న రసాయనశాస్త్రం.

పప్పు ఉడకదనే ఫిర్యాదు కూడా ఉత్తది కాదు. కందిపప్పు గింజను బిగించి పట్టే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలు నీళ్లలో అది సడలి పప్పు మెత్తబడుతుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఆ పెక్టిన్‌తో కాల్షియం ముడిపడి ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా పప్పు పలుకుగానే ఉంటుంది. చిటికెడు వంటసోడా వేస్తే దారికొస్తుంది. బట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు. బాయి నుంచి వచ్చిన బట్టల్లో బొగ్గు ధూళి, దాని మీద ఈ నీళ్లు. సబ్బు నురగ రాకుండా పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలవుతుంది. ఆ తరక ధూళిని పట్టుకుని మళ్లీ బట్టకే అంటుకుంటుంది. డిటర్జెంట్ పౌడర్లు వచ్చాక ఈ బాధ కొంత తీరింది.

ఇన్ని ఇబ్బందులున్నాయి కదా, మరి ఆరోగ్యానికి? భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, ఏం చెబుతుందంటే, లీటరు నీటిలో కఠినత్వం 200 మిల్లీగ్రాముల వరకు ఉంటే బాగు, వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు ఒప్పుకోవచ్చు. ఆ రెండో అంకె దగ్గర ఆగాలి. వేరే వనరు లేనిచోట అన్నారు. పక్కనే గోదావరి పెట్టుకుని 600 దాకా సర్దుకోండని చెప్పడానికి ఏ అధికారికీ ఆ వాక్యం పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే కఠినత్వానికి ఆరోగ్యం దృష్టితో హద్దే పెట్టలేదు. పెట్టాల్సినంత కీడు దాంట్లో కనిపించలేదు గనక.

రాళ్ల మాటకొస్తే, కఠిన జలం తాగడమే కిడ్నీలో రాళ్లకు కారణమని పరిశోధనలేవీ గట్టిగా తేల్చలేదు. డాక్టర్లు అన్నిటికన్నా ముందు చెప్పే కారణం నీళ్లు చాలినన్ని తాగకపోవడం. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ, ఓపెన్ కాస్ట్ క్వారీలో షిఫ్టు డ్యూటీ, చెమట ధారలు, వెంట తెచ్చుకున్న నీళ్లు మధ్యాహ్నానికే ఖాళీ. రాళ్లకు ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? నల్లా నీళ్లు ఉప్పగా ఉన్నాయని నాలుగు గ్లాసులు తక్కువ తాగేవాడికే నిజమైన ముప్పు.

ఇప్పుడు డబ్బా నీళ్ల సంగతి, ఇంటింటి ఆర్ఓ మిషన్ల సంగతి.

ఆర్ఓ అమ్మడానికి వచ్చిన కుర్రాడు ఒకసారి మా బంధువుల ఇంట్లో చేసిన తమాషా కళ్లారా చూశాను. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో ఆ ఇంటి నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ఆర్ఓ నీళ్లు. నాలుగు కడ్డీలున్న చిన్న పెట్టె తీసి, ఒక్కో గ్లాసులో రెండేసి కడ్డీలు ముంచి, ప్లగ్గు పెట్టాడు. నిమిషం గడిచేసరికి నల్లా నీళ్ల గ్లాసు పచ్చబడింది, తర్వాత గోధుమ రంగు తిరిగింది, చివరికి నల్లటి మడ్డి పైకి తేలింది. ఆర్ఓ గ్లాసు దాదాపు తేటగానే ఉంది. "చూసిండ్రా ఆంటీ, పిల్లలకు ఇదే తాపిస్తున్రు మీరు" అన్నాడు. ఆమె ముఖం వాడిపోయింది.

ఆ మడ్డి నీళ్లలో ఉన్నది కాదు. ఆ కడ్డీల్లో కొన్ని ఇనుపవి. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా మారి తేలుతుంది. ఆర్ఓ నీళ్లలో లవణాలు చాలా తక్కువ, కరెంటు పెద్దగా పారదు, కడ్డీ పెద్దగా కరగదు. నేను ఆ ఆర్ఓ గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెట్టమన్నాను. అది కూడా నల్లా నీళ్ల గ్లాసులాగే తయారైంది. కుర్రాడు పెట్టె సర్దుకున్నాడు. మీ ఇంటికి వచ్చినా అదే అడగండి. కరెంటు పెట్టెను మాత్రం మీరు ముట్టుకోకండి.

కడ్డీల పాచిక పారకపోతే టీడీఎస్ మీటరు తీస్తారు, పెన్నులా ఉండే పరికరం. నీళ్లలో ముంచితే 480 అనో 620 అనో అంకె చూపిస్తుంది. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి వేసిన ఒక అంచనా మాత్రమే, అదీ కరెంటు ఎంత పారుతుందో చూసి వేసిన అంచనా. అందులో మంచి కాల్షియం ఎంత, చెడ్డ నైట్రేటు ఎంత అన్నది ఆ మీటరుకు తెలియదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే చెరుపే. ఆ ఒకటిన్నర 480లో ఎక్కడ కనిపిస్తుంది? ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్లగొండ పల్లెలు ఎంత అనుభవించాయో మనకు తెలుసు. చిత్రమేమంటే, కాల్షియం బాగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ పెద్దగా నిలవదు, కాల్షియంతో కలిసి అడుక్కి దిగిపోతుంది. మెత్తటి నీళ్లలోనే అది యథేచ్ఛగా పెరుగుతుంది. సబ్బుకు ఇట్టే నురగొచ్చే బోరు నీళ్లు చూసి కూడా మురిసిపోకుండా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

ఇక సూక్ష్మజీవులు. వాటిని టీడీఎస్ మీటరు అసలే చూడదు. మురుగు కలిసిన నీళ్లలో ముంచినా మంచి అంకె చూపించగలదు.

టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్ఓలు వాడకుండా కట్టడి చెయ్యాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశమిచ్చింది. ఆర్ఓ ఒక గ్లాసు ఇవ్వడానికి రెండు మూడు గ్లాసులు మోరీలో పారబోస్తుంది. పైగా కాల్షియం, మెగ్నీషియం కూడా ఊడ్చేస్తుంది. లవణాలు నిజంగా మితిమీరిన బోరుకు, ఫ్లోరైడ్ ఉన్న బోరుకు ఆర్ఓ కావాల్సిందే, కాదనను. శుద్ధి చేసిన గోదావరి నీళ్లకు మళ్లీ ఆర్ఓ పెట్టడం నాకు డబ్బు చేదైనవాళ్లు చేసే పనిలా కనిపిస్తుంది.

డబ్బా ప్లాంటులో ఇంకో చిక్కుంది. అక్కడ మొదట బొగ్గు ఫిల్టరుతో నీళ్లలోని క్లోరిన్ తీసేస్తారు, లేకపోతే ఆర్ఓ పొర పాడవుతుంది. క్లోరిన్ లేని ఆ నీళ్లను పది ఇళ్లు తిరిగొచ్చిన డబ్బాలో పోస్తారు. డబ్బా లోపల చెయ్యి పట్టదు, నీళ్లు పోసి గలగరించి దింపేస్తారు. మూత తీసి మీ ఇంట్లో మూడు రోజులు పెట్టుకుంటారు. అందులో ఏదైనా పెరగడం మొదలుపెడితే దాన్ని ఆపేది ఏమీ లేదు. నల్లా నీళ్లలో వచ్చే ఆ బ్లీచింగ్ వాసనే మనకు కాపలా. దాన్ని డబ్బులిచ్చి తీయించుకుంటున్నాం.

మెత్తటి నీళ్ల మీద మోజు పడాల్సింది మనుషులు కాదు, బాయిలర్లు. ఎన్టీపీసీ కరెంటు కేంద్రంలో నీళ్లలోని లవణాలన్నీ తీసేసే డీఎం ప్లాంటు ఉంటుంది, అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు. బాయిలర్‌లోకి పోయే నీళ్లలో కాల్షియం జాడ కూడా ఉండకూడదు. ఉంటే గొట్టాల లోపల గార కట్టి, వేడి అందక గొట్టం పగులుతుంది. మన రక్తనాళాలు బాయిలర్ గొట్టాలు కావు. నీళ్లలోని కాల్షియం మన ఒంట్లో గారగా పేరుకోదు, ఎముకలకు పనికొస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం భయం పోతుంది.

మరి భయపడాల్సింది దేనికి?

ఫిల్టర్‌బెడ్ దగ్గర నీళ్లు బాగానే ఉంటాయి. పటిక కలిపి మడ్డి తేర్చి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి వదులుతారు. అక్కడి నుంచి మీ నల్లా దాకా వచ్చే దారి ఉంది చూశారూ, అసలు కథ అక్కడ. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. గంటో రెండు గంటలో వదిలి కట్టేస్తారు. కట్టెయ్యగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపులో ఎక్కడన్నా చిల్లు ఉంటే, ఒత్తిడి ఉన్నంతసేపూ అందులోంచి నీళ్లు బయటికి కారుతాయి. ఒత్తిడి పడిపోగానే బయట ఉన్నది లోపలికి పోతుంది. బయట ఏముంటుంది? మన వాడల్లో నల్లా పైపు చాలాచోట్ల మోరీ పక్క నుంచో, మోరీలోంచో పోతుంది. పైగా నీళ్లు లాగడానికి మోటర్లు బిగిస్తారు. ఒక ఇంట్లో మోటరు లాగితే పది ఇళ్ల పైపులో ఒత్తిడి పోతుంది, మోరీ నీళ్లు లోపలికి రావడానికి దారి సులువవుతుంది. మోటరు పెట్టినాయన ఇంట్లోకే మొదట వస్తాయి, ఆ సంగతి ఆయనకు తట్టదు.

అందుకే ప్రమాణాల్లో ఒక చిన్న అంకె ఉంటుంది. చిట్టచివరి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో ఏదైనా చొరబడితే దాన్ని చంపడానికి ఆ మిగులు. దాన్ని చూసే పరికరం పేరు క్లోరోస్కోప్. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, మందు నాలుగు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగు తిరుగుతాయి. పక్కనున్న రంగుల పలకతో పోల్చి ఎంతుందో చెప్పెయ్యొచ్చు. రంగు రాలేదంటే, పైపులో ఎక్కడో క్లోరిన్ ఖర్చయిపోయింది. దేని మీద ఖర్చయిందన్నదే అప్పుడు అడగాల్సిన ప్రశ్న. లైన్‌మన్ల దగ్గర, ఆరోగ్య సిబ్బంది దగ్గర ఈ క్లోరోస్కోప్ ఉంటుంది. ట్యాంకు కింద మొదటి నల్లా దగ్గర చూస్తే ఏం లాభం? సందు చివర, మోరీ దాటాక ఉన్న ఆఖరి ఇంట్లో చూపించమనండి.

వానాకాలం ఇంకో తిప్పలు. జులై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రగా పారుతుంది. అంత మడ్డిని తేర్చడానికి పటిక రోజుకో లెక్కన మార్చాలి, క్లోరిన్ పెంచాలి. ఒక్కరోజు లెక్క తప్పినా నల్లాలో రంగు కనిపిస్తుంది. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపే అలవాటు మన పెద్దలకు ఉండేది. మడ్డి తేరడానికి అది బాగానే పనిచేస్తుంది, క్రిములను మాత్రం పూర్తిగా తీయదు. కాచి తాగాల్సిన రోజులవి.

ఎండాకాలం గోదావరే సన్నబడుతుంది. సుందిళ్ల బ్యారేజీ నిండినప్పుడు ఖని ఒడ్డున నీళ్లు సముద్రంలా నిలిచాయి. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక సుందిళ్ల గేట్లు కూడా ఎత్తి ఉంచడంతో మళ్లీ ఇసుక తేలింది. నది తగ్గినప్పుడు ఆ లోటును బోర్లూ గని నీళ్లే పూడ్చాలి. నిన్నటి నీళ్లకు పప్పు ఉడికి, ఇవాళ ఉడకలేదంటే పప్పును తిట్టకండి, మూలం మారి ఉంటుంది. ఏ రోజు ఏ నీళ్లు వదులుతున్నారో ఒక చిన్న బోర్డు రాసి ట్యాంకు దగ్గర పెడితే సగం పుకార్లు పోతాయి. దానికి ఖర్చు ఒక సుద్దముక్క.

ఇదే ఒడ్డున ముర్మూరు దగ్గర, ఎల్లంపల్లి జలాశయం నుంచి ఎత్తిన గోదావరి నీళ్లు 2015 చివరి నుంచి హైదరాబాదు పోతున్నాయి. 20 టీఎంసీల ఆ జలాశయంలో పది టీఎంసీలు రాజధానికి కేటాయించినవే. 180 కిలోమీటర్లు దాటి అక్కడి ఇళ్లలో నల్లా తిప్పితే వచ్చే నీళ్లు, ఎత్తిపోసిన ఊరి పక్కన డబ్బాల్లో కొనుక్కోవాల్సి రావడం నాకైతే మింగుడుపడదు. రామగుండం, పట్టణాల నీటి సరఫరా కోసం పెట్టిన అమృత్ పథకంలో ఉన్న పట్టణమే. కొత్త పైపులు వేసేటప్పుడు వాటిని మోరీకి దూరంగా, మోరీకన్నా ఎత్తున వేస్తున్నారా లేదా అని గల్లీవాళ్లే నిలబడి చూసుకోవాలి. పూడ్చేశాక ఎవరూ చూడలేరు.

చివరగా పరీక్ష సంగతి. కఠినత్వానికి, ఫ్లోరైడ్‌కు, నైట్రేటుకు అయితే శుభ్రమైన సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి లాబ్‌కు ఇవ్వండి. లాబ్‌లో చుక్కచుక్కగా మందు వదులుతుంటే ద్రాక్షరంగు నీళ్లు ఒక్క చుక్కకు నీలమైపోతాయి. ఎన్ని చుక్కలు పట్టిందన్నదే మీ కఠినత్వం లెక్క. బోరుకు ఏడాదిలో రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి చాలు.

క్రిముల పరీక్షకు పద్ధతి వేరు. సీసా లాబ్ వాళ్లే ఇస్తారు, దాన్ని కడగకూడదు, మూత లోపల వేలు పెట్టకూడదు. నల్లాను రెండు మూడు నిమిషాలు పారనిచ్చి పట్టి, ఆ రోజే, చల్లగా ఉంచి అందజేయాలి. ఇంట్లోనే చూసుకోవాలంటే హెచ్‌టూఎస్ సీసాలు దొరుకుతాయి. గీత దాకా నీళ్లు పోసి మూతపెట్టి వెచ్చటి చోట పెడితే, మురుగు కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడతాయి. నల్లబడిందంటే ఆ నీళ్లు కాచి తాగండి, లేదా ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ బిళ్ల, కవరు మీద రాసిన లెక్కన వేసి అరగంట ఆగి తాగండి. ఆ నల్లబడ్డ సీసా పారెయ్యకుండా, తేదీ, ఇంటి నంబరు రాసి, నీళ్ల డిపార్ట్‌మెంట్ ఇంజినీరు బల్ల మీద పెట్టి రసీదు అడగండి.